పల్లె పాటకు ఏ మైకు? ఏటీ2035, ఎన్‌టీ1, ఎస్‌ఎం7బీ పోలిక, వాటికి జోడయ్యే సామాను

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకు కూడా సంగతి తెలుస్తుంది. దేవరకొండలో మీ ఇంటి పైఅంతస్తులో పది బై పన్నెండు గది, పది అడుగుల ఎత్తు. కింద షాబాద్ బండలు, పైన స్లాబు, రోడ్డు వైపు ఒక కిటికీ. చెల్లెలు పల్లె పాటలు పాడుతుంది, బాబాయి డప్పు కొడతాడు. అచ్చంపేట వైపు నుంచి కిన్నెర (సొరకాయ బుర్రల తీగ వాద్యం) వాయించే ఒక పెద్దమనిషిని పిలిపించి ఆయన కథలు కూడా రికార్డు చేయాలని ఉంది. చేతిలో స్కార్లెట్ సోలో, మూడో తరం ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే డబ్బా) ఉంది. ఆడియో టెక్నికా ఏటీ2035, రోడ్ ఎన్‌టీ1 ఐదో తరం, షూర్ ఎస్‌ఎం7బీ, ఈ మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నావు. యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోందని రాశావు.

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇళ్లల్లో, గుడి మండపాల్లో, చిన్న స్టూడియోల్లో పల్లె గొంతులు రికార్డు చేయడమే నా పని. ఆ అనుభవంతో ముందే ఒక మాట చెప్తాను. ఏటీ2035కీ ఎన్‌టీ1కీ మధ్య ఉన్న తేడా కంటే, మీ చెల్లెలు మైకుకు అరడుగు దగ్గరికి జరిగితే వచ్చే తేడా పెద్దది. కాబట్టి ఏ మైకు గొప్పది అని చూడకు. మీ గదిలో, మీ గొంతుకు, నీ దగ్గరున్న ఇంటర్‌ఫేస్‌కు ఏది ఇబ్బంది లేకుండా సరిపోతుందో చూడు. అలా చూస్తే సమాధానం తొందరగానే దొరుకుతుంది.

మొదట అందరూ పట్టుకునే అంకె, సెల్ఫ్ నాయిస్. మైకు తనంతట తాను చేసే సన్నని చప్పుడు అది. ఎన్‌టీ1 ఐదో తరానికి 4 డెసిబెల్స్, ఏటీ2035కి 12, దాని చిన్న తమ్ముడు ఏటీ2020కి 20. కాగితం మీద చూస్తే ఎన్‌టీ1 ఎక్కడో ఉంది. కానీ నీ గది ఎంత చప్పుడు చేస్తుందో కూడా ఆ లెక్కలో కలపాలి. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, రాత్రి పది దాటాక కూడా మన టౌన్లలో మామూలు గదిలో 30 డెసిబెల్స్ ఉంటుంది. చప్పుళ్లు మామూలు కూడికలా కలవవు, శక్తిని బట్టి కలుస్తాయి. 30 డెసిబెల్స్ గదిలో 20 డెసిబెల్స్ మైకు పెడితే మొత్తం 30.4 అవుతుంది. 4 డెసిబెల్స్ మైకు పెడితే 30.01. అంటే నువ్వు ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కునేది అర డెసిబెల్ కూడా కాదు. అదే గది నిజంగా నిశ్శబ్దంగా, 18 డెసిబెల్స్ దగ్గర ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ఒకటి 22 చూపిస్తుంది, ఇంకోటి 18 దగ్గరే నిలుస్తుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. గది చప్పుడు ఎక్కువగా కింది స్థాయిలో, గుంయ్‌మని ఉంటుంది. మైకు చప్పుడు పైన, స్‌స్‌స్ అని ఉంటుంది. అందుకే మైకు చప్పుడు ఈ లెక్క చెప్పినదానికంటే కొంచెం ఎక్కువగానే వినిపించవచ్చు. అయినా గొంతెత్తి పాడే పాటకు 12 డెసిబెల్స్ మైకు ఎక్కడా అడ్డు రాదు. ప్రపంచంలో ఎన్నో పెద్ద స్టూడియోలు గొంతుకు వాడే నాయిమన్ యూ87 ఏఐ మైకు సెల్ఫ్ నాయిస్ కూడా, ముందు వైపు నుంచి వినే కార్డియాయిడ్ తీరులో, 12 డెసిబెల్సే. ఆ అంకె ఒక్కటే చూసి మైకు కొనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఎస్‌ఎం7బీ సంగతి. అది డైనమిక్ మైకు, బయటి కరెంటు అక్కర్లేని రకం. మిగతా రెండూ కండెన్సర్లు, కరెంటుతో నడిచే చురుకైన రకం. గది బాగోలేకపోతే డైనమిక్ మైకు తీసుకో, అది గది చప్పుడు పట్టదు అని నీకు చాలామంది చెప్పి ఉంటారు. ఈ మాట సగమే నిజం. మైకు గది చప్పుడును ఎంత పట్టుకుంటుంది అనేది అది ఏ వైపు నుంచి వింటుంది, పాడేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు అనేదాన్ని బట్టి ఉంటుంది. లోపల ఉన్నది (శబ్దాన్ని పట్టే భాగం) డైనమిక్ క్యాప్సూలా, కండెన్సర్ క్యాప్సూలా అనేదానికి దానితో పెద్ద సంబంధం లేదు. నువ్వు చెప్పిన మూడూ కార్డియాయిడ్ మైకులే, ముందు నుంచి వింటాయి, వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తాయి. రేడియోలో, పాడ్‌కాస్టుల్లో ఎస్‌ఎం7బీ ముందు మనిషి రెండు అంగుళాల దూరంలో మాట్లాడతాడు. అంత దగ్గర గొంతు పెద్దగా పడుతుంది, గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గుతుంది, దాంతో గది కూడా తగ్గుతుంది. ఏటీ2035ను కూడా అదే దూరంలో పెట్టి రెండింటినీ ఒకే లెవెల్‌కు తెస్తే గది దాదాపు ఒకేలా వినిపిస్తుంది. మీ చెల్లెలు నాట్లేసేటప్పుడు పాడే పాట అందుకున్నప్పుడు రెండు అంగుళాల దూరంలో కదలకుండా కూర్చోదు కదా. తల తిప్పుతుంది, వెనక్కి వంగుతుంది, చివరి పాదం ఎత్తుకునేటప్పుడు గొంతు ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది. ఆమెకు అడుగు దూరం కావాలి. ఆ దూరంలో ఎస్‌ఎం7బీకి డైనమిక్ అయినందుకు వచ్చే లాభం పెద్దగా ఏమీ మిగలదు.

పైగా దానికి గెయిన్ కావాలి. ఒకే గొంతుకు ఎస్‌ఎం7బీ 1.12 మిల్లీవోల్టులు ఇస్తే ఏటీ2035 22.4 మిల్లీవోల్టులు ఇస్తుంది. సరిగ్గా 20 రెట్లు, అంటే 26 డెసిబెల్స్. నీ సోలో మూడో తరం ప్రీయాంప్‌లో (సిగ్నల్‌ను పెంచే భాగంలో) ఉన్న గెయిన్ 56 డెసిబెల్స్. మామూలు మాటకు ఎస్‌ఎం7బీ పెడితే 60 దాకా కావాల్సి వస్తుంది, నాబ్ చివరిదాకా తిప్పినా చాలదు. అందుకే క్లౌడ్‌లిఫ్టర్ అనే చిన్న డబ్బా మధ్యలో పెడతారు. అది ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ ద్వారా పంపే కరెంటు) తీసుకుని 25 డెసిబెల్స్ పెంచుతుంది, అంటే కండెన్సర్ మైకు ఊరికే ఇచ్చే దాన్ని ఇది అదనపు ఖర్చుతో ఇస్తుంది. ఇప్పుడు ఎస్‌ఎం7డీబీ అని ఆ ప్రీయాంప్ లోపలే ఉన్న రకం కూడా దొరుకుతోంది. ఇంటర్‌ఫేస్ మార్చినా సమస్య తీరుతుంది. స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరంలో గెయిన్ 69 డెసిబెల్స్ ఉంది. కానీ అదే నాలుగో తరంలో సోలోకు 57 మాత్రమే. రెండూ ఒకే ఎర్రడబ్బా, ఒకే పేరు అని కొనేసి ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మ కాకుండా మైకు ప్రీయాంప్ గెయిన్ ఎంత అనే ఒక్క అంకె చూడు.

ఎస్‌ఎం7బీ మంచి మైకు కాదని నేను అనడం లేదు. గరగరలాడే మగ గొంతుకు, ఒకచోట కూర్చుని కథ చెప్పేవాళ్లకు, శ, స గట్టిగా పలికేవాళ్లకు అది చాలా బాగుంటుంది. పై స్వరాలు మెత్తగా వస్తాయి. నువ్వు వాయిస్ ఓవర్ మాత్రమే చేస్తానంటే నేను వేరేలా చెప్పేవాణ్ని. నీ పనిలో పాట ముఖ్యం, డప్పు ముఖ్యం. ఎస్‌ఎం7బీ ఖరీదుకు ఏటీ2035తో పాటు గది సామానంతా వస్తుంది.

ఇక ఎన్‌టీ1, ఏటీ2035. ఇవి నిజంగా దగ్గర దగ్గర మైకులు. రెండూ పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పొర) ఉన్న కండెన్సర్లు, రెండింటికీ 48 వోల్టుల ఫాంటమ్ ఇస్తే చాలు, రెండింటి ఔట్‌పుట్ కూడా ఒక డెసిబెల్ తేడాలో ఉంటుంది. ఎన్‌టీ1 అని అడిగితే కొందరు దుకాణదారులు ఎన్‌టీ1-ఏ చేతిలో పెడతారు, జాగ్రత్త. ఎన్‌టీ1-ఏ పాత మోడల్, తీరు వేరు, పై స్థాయిలో మెరుపు ఎక్కువ. చాలా గొంతులకు ఆ మెరుపు బాగానే ఉంటుంది. కానీ మన ఆడవాళ్ల పల్లె పాట తీరే వేరు. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించాలని పాడే గొంతు అది, తలలోంచి సన్నగా కాకుండా ఛాతీలోంచి గట్టిగా వస్తుంది. అలాంటి గొంతు 3 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల సహజంగానే చీల్చుకుంటూ వస్తుంది. మన చెవి కూడా అక్కడే చురుకు. ఆ గొంతుకు పై స్థాయి పెంచే మైకు పెడితే ఇయర్‌ఫోన్లో వినేవాడికి తల నొప్పి పుడుతుంది. ఎన్‌టీ1 ఐదో తరం ఈ విషయంలో నున్నగా, చదునుగా ఉంటుంది. ఏటీ2035లో పైన కొంచెం ఎత్తు ఉంది. మైకును నేరుగా నోటికి ఎదురుగా కాకుండా ముక్కు ఎత్తులో పెట్టి, కొద్దిగా పక్కకు తిప్పితే ఆ ఎత్తు సర్దుకుంటుంది.

ఎన్‌టీ1 ఐదో తరానికి ఇంకో సౌకర్యం ఉంది. ఎక్స్‌ఎల్‌ఆర్‌తో (మామూలు మైకు కేబుల్ సాకెట్) పాటు అడుగున యూఎస్‌బీ కూడా ఉంటుంది, దాని ద్వారా 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేయవచ్చు. పాడేవాళ్లు ఒక్కసారి గొంతు పెంచినా కంప్యూటర్ వైపు క్లిప్ అవ్వదు, అంటే గొంతు పగిలినట్టు రాదు, తర్వాత తగ్గించుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ లేనివాళ్లకు, ఒక్కరే పాడి, ఒక్కరే రికార్డు చేసుకునేవాళ్లకు ఇది మొదటి ఎంపిక అని ధైర్యంగా చెప్తాను. పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ), షాక్ మౌంట్ (అదురు తగలకుండా మైకును పట్టే ఊయల), కేబుళ్లు పెట్టెలోనే వస్తాయి. ఏటీ2035తో షాక్ మౌంట్ వస్తుంది కానీ పాప్ ఫిల్టర్ విడిగా కొనాలి. ధరలు పోల్చేటప్పుడు దాన్ని కూడా కలిపి చూడు.

ఏటీ2035లో ఉన్నవి, ఎన్‌టీ1లో లేనివి రెండు చిన్న స్విచ్‌లు. ఒకటి 80 హెర్ట్జ్ కింద కోసే లో కట్. రెండోది మైకు లోపలే సిగ్నల్‌ను 10 డెసిబెల్స్ తగ్గించే ప్యాడ్. మీ కిటికీ కింద నుంచి ఆర్టీసీ బస్సు గేరు మార్చుకుంటూ పోతే వచ్చే అదురును లో కట్ అక్కడికక్కడే తగ్గిస్తుంది. ఆడ గొంతులో 80 హెర్ట్జ్ కింద పాట ఏమీ ఉండదు, కాబట్టి నష్టం లేదు. ఈ పని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కూడా చేయవచ్చు, నిజమే. ప్యాడ్ పని మాత్రం తర్వాత చేయలేం. డప్పు దగ్గర అదే అక్కరకొస్తుంది.

డప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ పోలిక వీడియోలు చేసేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. కుడిచేతి సిర్ర (లావు కర్ర) పడ్డప్పుడు వచ్చే దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల చేసే సన్నని టకటక, రెండూ ఒకే మైకులో సమంగా రావాలి. మైకును నడిమధ్యకు ఎదురుగా పెడితే సిర్ర మింగేస్తుంది. అంచు వైపు, పుల్ల తగిలే చోటుకు గురిపెట్టి, రెండడుగుల దూరంలో ఉంచి, ప్యాడ్ వేసి, లో కట్ తీసేసి చూడు. డప్పును మంట దగ్గర కాచాక చర్మం బిగుసుకుని శ్రుతి పైకి వెళ్తుంది, చల్లారేకొద్దీ కిందికి జారుతుంది. మొదటి చరణం కాచిన వెంటనే కొట్టి, రెండో చరణం పావుగంట తర్వాత కొడితే రెండింటినీ అతికించలేవు. పాట మొత్తం ఒకే ఊపులో కొట్టించు. మళ్లీ కొట్టాల్సి వస్తే మళ్లీ కాచి, అప్పుడు మొదలుపెట్టు.

మీ గదిలో మాత్రం డప్పు రికార్డు చేయకు. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు అన్నావు. రెండూ ఒకే కొలత కావడంతో రెండు దిక్కుల్లోనూ 56 హెర్ట్జ్ దగ్గర గది ఒకేసారి ఊగుతుంది, పన్నెండు అడుగుల పొడవు 47 దగ్గర ఊగుతుంది. డప్పు దెబ్బ పడ్డాక బుంయ్‌మని ఒక తోక మిగిలిపోతుంది. దాన్ని తీయాలంటే గోడలకు అడుగు మందం ఏదైనా వేయాలి. అంతకంటే గాలి లేని పొద్దున పూట డాబా మీదికి వెళ్లడం మేలు. నాలుగు దిక్కులా గోడలు లేకపోతే గది సమస్యే లేదు. మైకుకు ఫోమ్ తొడుగు వేయి, సన్నని గాలి కూడా గుబగుబమని పడుతుంది.

దీంతో నీ ఇంకో ప్రశ్నకు కూడా సమాధానం దొరికింది. ఇద్దరినీ ఒకేసారి రికార్డు చేయడానికి రెండు మైకుల ఇంటర్‌ఫేస్ కొనాలా అన్నావు. ఇప్పుడే అవసరం లేదు. ముందు చెల్లెలు, బాబాయి ఎదురెదురుగా కూర్చుని పాట మొత్తం పాడాలి. దాన్ని ఫోన్లో రికార్డు చేసినా సరే, అది గైడు మాత్రమే. పల్లె పాటకు మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని తాళం కొట్టే యంత్రం) పెడితే ప్రాణం పోతుంది. పాట ఎక్కడ సాగాలో, ఎక్కడ ఊపందుకోవాలో ఒకరి మొహం ఒకరు చూసుకుని పట్టుకుంటారు, అందుకే ఆ గైడు ముఖ్యం. తర్వాత దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ బాబాయి డాబా మీద డప్పు కొడతాడు. ఆ డప్పు వింటూ చెల్లెలు గదిలో పాడుతుంది. సోలోలో ఉన్న ఒక్క మైకు ఇన్‌పుట్ దీనికి సరిపోతుంది. హెడ్‌ఫోన్ మాత్రం చెవిని పూర్తిగా మూసే రకం ఉండాలి, లేకపోతే హెడ్‌ఫోన్లోని డప్పు చప్పుడు చెల్లెలి మైకులోకి కారుతుంది.

కిన్నెర దగ్గరికి వస్తే లెక్క వేరు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం నుంచి దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు చాలామందికి తెలిసింది. కానీ దాని నాదం ఎంత చిన్నదో దగ్గర కూర్చుని విన్నవాళ్లకే తెలుసు. సొరకాయ బుర్రల నుంచి వచ్చే ఆ గుల్ల నాదం, మెట్ల మీద తీగ ఆనినప్పుడు వచ్చే జివ్వు, రెండూ నాలుగడుగులు దాటితే గదిలో కలిసిపోతాయి. ఇక్కడ ఎన్‌టీ1లోని ఆ 4 డెసిబెల్స్ నిజంగా పనికొస్తాయి, కానీ గది కూడా అంత నిశ్శబ్దంగా ఉంటేనే. రాత్రి పొద్దుపోయాక, ఫ్రిజ్ కూడా ఆపేసి చేస్తే ఏటీ2035తోనూ మంచి రికార్డు వస్తుంది.

ఆయన వాయిస్తూనే పాడతారు కాబట్టి గొంతుకొకటి, కిన్నెరకొకటి రెండు మైకులు పెట్టాలనిపిస్తుంది. ఒక అడుగు తేడాలో ఉన్న రెండు మైకుల్లో రెండు నాదాలూ కాస్త ముందూ వెనకా పడి, కలిపినప్పుడు బోలుగా వినిపిస్తాయి. ఒక్క మైకే పెట్టు. ఛాతీ ఎత్తులో, రెండడుగుల ఎడంగా. గొంతు ఎక్కువ అనిపిస్తే మైకును నాలుగు వేళ్లు కిందికి దించు, కిన్నెర ఎక్కువైతే పైకి లేపు. ఫేడర్‌తో (మిక్సర్ మీద లెవెల్ మార్చే మీటతో) చేసే పని స్టాండ్‌తో చెయ్యి. ఆయన పీట మీద కూర్చుంటారా, నేల మీద కూర్చుంటారా అని ముందే అడిగి పెట్టుకో. అలవాటైన కూర్చునే తీరు మార్చితే ఆయన వాయింపు మారిపోతుంది.

యూట్యూబ్ పోలికలు ఎందుకు గందరగోళపెడతాయో చెప్తాను. ఒక మనిషి ముందు ఒక మైకులో మాట్లాడి, తర్వాత ఇంకో మైకులో మాట్లాడతాడు. రెండుసార్లు గొంతు ఒకేలా ఉండదు, దూరం ఒకేలా ఉండదు. లెవెల్ కూడా సరిచేయరు. ఒక డెసిబెల్ ఎక్కువున్న క్లిప్పు మన చెవికి పెద్దగా ఉన్నట్టు తెలియదు, బాగున్నట్టు అనిపిస్తుంది. పైన యూట్యూబ్ కుదింపు, కింద మన ఫోన్ స్పీకరు. ఇన్ని దాటి వచ్చిన తేడా మైకు తేడా అని ఎలా నమ్ముతాం?

సరిగ్గా పోల్చాలంటే రెండు మైకులూ ఒకేసారి, ఒకే పాటకు తెరిచి ఉండాలి. ఒకదాన్ని తలకిందులుగా వేలాడదీసి, ఇంకోదాన్ని నిటారుగా నిలబెట్టి, రెండు జాలీలు ఆనీ ఆననట్టు ఉంచాలి. క్యాప్సూళ్లు రెండూ నోటికి సమాన దూరంలో ఉండాలి. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఎవరిదైనా ఒక పూటకు తెచ్చుకో. తర్వాత రీపర్‌లోనో, ఆడాసిటీలోనో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు) లౌడ్‌నెస్ నార్మలైజ్ చేసి రెండు ఫైళ్లనూ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే పెద్దతనం కొలత) స్థాయికి తీసుకురా. ఫైళ్లకు పేర్లు తీసేసి ఇంట్లో ఎవరితోనైనా కలిపేయించి, ఏది ఏదో తెలియకుండా విను. ఇయర్‌ఫోన్లో ఒకసారి, కారులో ఒకసారి. రెండు మైకులు ఒకేసారి దొరకకపోతే, ముందే రికార్డు చేసిన చెల్లెలి పాటను ఒక మంచి స్పీకర్‌లో, కదలకుండా ఒకేచోట పెట్టి, ఒకే వాల్యూమ్‌లో మోగించి, ఒక్కో మైకుతో రికార్డు చేయి. స్పీకరు తన రంగు పులుముతుంది, కానీ రెండింటికీ ఒకేలా పులుముతుంది కాబట్టి తేడా తెలుస్తుంది.

ఏమి పాడించాలి అంటే, పాటలో ఎక్కువ ఇబ్బంది పెట్టే చోట్లే. భ, ఫ, ఘ లాంటి గాలి అక్షరాలకు మైకు ఎలా ఉబ్బుతుందో, శ, ష, స, చ అక్షరాలకు ఎంత సలుపుతుందో చూడాలి. పాలపిట్ట, భూమి, శనగ చేను, సజ్జ కంకి, ఇలాంటి మాటలు వచ్చే పాదం ఒకటి తీసుకో. గొంతు ఎత్తుకునే పాదం ఒకటి, మెల్లగా దించే పాదం ఒకటి. పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీగా కూడా రికార్డు చేయి. ఇంకొకటి, ఎవరూ చేయరు గానీ నేను తప్పకుండా చేయిస్తాను: మైకును కదపకుండా చెల్లెలిని పక్కకు నిలబడి పాడమను, తర్వాత మైకు వెనక నిలబడి పాడమను. గోడల నుంచి తిరిగొచ్చే గొంతు మైకులోకి అటు వైపుల నుంచే పడుతుంది. పక్క నుంచి పాడినప్పుడు గొంతు చిన్నగా అయినా సహజంగా ఉంటే ఆ మైకు మీ గదికి పనికొస్తుంది. బొంగురుగానో, డబ్బాలోంచి వచ్చినట్టుగానో మారితే, ఎదురుగా ఎంత బాగున్నా ఆ గదిలో అది నిన్ను ఏడిపిస్తుంది.

గది సంగతికి వస్తే, ఫోమ్ షీట్లు కొనకు. పల్చటి ఆ నల్ల ముక్కలు పై స్వరాలను మాత్రమే తింటాయి, గొంతు మొద్దుబారి, కింద గుయ్యి అలాగే ఉంటుంది. మన దగ్గర గొంగడి ఉంది. కురుమలు నేసే అసలు గొర్రె ఉన్ని గొంగడి, సంతలో దొరికే పల్చటి అక్రిలిక్ దుప్పటి కాదు. దాన్ని రెండు మడతలు వేసి, గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు వదిలి, తాడు మీద వేలాడదీయి. ఆ ఖాళీ వల్లే కింది స్వరాలు కొంతైనా తగ్గుతాయి. ఎక్కడ వేలాడదీయాలి అనేది ముఖ్యం. చాలామంది మైకు వెనక గోడకు వేస్తారు. కార్డియాయిడ్ మైకు వెనక వైపు ఎలాగూ తక్కువ వింటుంది, అది చూసేది పాడేవాళ్ల వైపు, వాళ్ల వీపు వెనకున్న గోడను. కాబట్టి మొదటి గొంగడి పాడేవాళ్ల వెనక, తర్వాత రెండు పక్కలకూ. షాబాద్ బండ మీద మందపాటి జంపఖానా. కిటికీ మైకు వీపు వైపు వచ్చేలా నిలబెట్టు. గదికి సరిగ్గా నడిమధ్య మాత్రం నిలబడొద్దు, మూలల్లోనూ వద్దు.

అడుగు దూరం నుంచి అరడుగుకు జరిగితే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ఉన్నంతే ఉంటుంది. ఆ 6 డెసిబెల్స్ ఏ మైకూ ఇవ్వలేదు. కాకపోతే దగ్గరయ్యేకొద్దీ గొంతులో కింది బరువు పెరుగుతుంది. గట్టిగా పాడే పాదాలకు అడుగు, మెల్లని పాదాలకు అరడుగు, ఇలా చెల్లెలికి అలవాటు చేయి. పాప్ ఫిల్టర్ మైకుకు రెండు మూడంగుళాల ముందు పెట్టు, అదే ఆమెకు హద్దు గుర్తు.

గెయిన్ పెట్టేటప్పుడు పాటలో అన్నిటికంటే గట్టిగా ఎత్తుకునే చోటు పాడించి పెట్టు, మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. టెస్టులో ఎవరైనా సగం గొంతుతోనే పాడతారు, అసలు పాటలో పెరుగుతుంది. 24 బిట్‌లో రికార్డు చేస్తే లెవెల్ తక్కువున్నా నష్టం లేదు. వీడియోకు కాబట్టి 48 కిలోహెర్ట్జ్ చాలు, 96కు పోవాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే గుంయ్‌మంటే ఇంట్లో ఎర్తింగ్ చూపించు, అంతవరకు బ్యాటరీ మీద నడుపు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డు చేయకు.

ఇక నా లెక్కలో నువ్వు తీసుకోవాల్సింది ఏటీ2035. ఇంటర్‌ఫేస్ నీ దగ్గర ఉంది కాబట్టి ఎన్‌టీ1లోని యూఎస్‌బీకి నువ్వు డబ్బు పెట్టాల్సిన పని లేదు. డప్పుకు ప్యాడ్, రోడ్డుకు లో కట్, ఈ రెండూ నీకు రోజూ పనికొస్తాయి. సోలో గెయిన్ దానికి హాయిగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో ఊగని బరువైన స్టాండ్, మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, చెవి మూసే హెడ్‌ఫోన్, మూడు నాలుగు గొంగళ్లు. కొన్నాళ్లకు కిన్నెర కథలే నీ ముఖ్యమైన పని అయితే అప్పుడు ఎన్‌టీ1 తీసుకో. అందరూ కలిసి ఒకేసారి పాడే రికార్డింగులు మొదలైతే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, డప్పుకు షూర్ వాళ్ల డైనమిక్ మైకు ఎస్‌ఎం57 ఒకటి. డప్పు దెబ్బకు ఎస్‌ఎం57 ఔట్‌పుట్ తక్కువ అనే బాధ ఉండదు.

హైదరాబాద్ వెళ్తే కోఠిలో గుజరాతీ గల్లీ తిరుగు, కేబుళ్లు, స్టాండ్లు అక్కడ నయంగా వస్తాయి. మైకు మాత్రం కంపెనీ వారంటీ బిల్లు ఇచ్చేచోటే కొను. షూర్ పేరుతో నకిలీలు మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి, చూడగానే పోల్చుకోవడం కష్టం. కొన్నాక వానాకాలంలో మైకును స్టాండ్ మీద అలాగే వదిలేయకు. కండెన్సర్ క్యాప్సూల్‌కు తేమ పట్టిందంటే చిటపటమని శబ్దాలు వస్తాయి. పని అయిపోగానే ఫాంటమ్ ఆపి, ఒక నిమిషం ఆగి విప్పి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి దూరని డబ్బాలో పెట్టు. తేమ పట్టిన సిలికా జెల్‌ను వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.